ఉప్పుగూడ గోరీలను చూసేదెవరు?

యాప్రాల్ వాసులకు ఒక్కరోజు విహారయాత్ర అంటే కీసరగుట్ట, కాదంటే శామీర్‌పేట చెరువు. పట్నం పోతే చార్మినార్, గోల్కొండ. ఇటీవల ఒక ఆదివారం మేము నలుగురం ఇవేవీ కాదని ఉప్పుగూడ వెళ్లాము. అర్మేనియా వాళ్ల పాత సమాధులు చూడడానికి అని చెబితే ఇంట్లోవాళ్లు నవ్వారు. సెలవు పూట గోరీల కాడికి పోతారా అన్నారు.

సికింద్రాబాద్ దాకా బస్సు, అక్కడ ఫలక్‌నుమా లోకల్ రైలు. ఉప్పుగూడలో దిగి అర్మేనియన్ల శ్మశానం ఎక్కడని అడిగితే ముగ్గురికి తెలియలేదు. నాలుగో ఆయన, పెద్ద వయసు మనిషి, "పాత ఖబరస్తానా? అట్ల అడగరాదు మరి" అంటూ సందు చూపించాడు.

ఇళ్ల నడుమ ఉంది ఆ జాగా. రాళ్లమీది అక్షరాలు మాలో ఎవరికీ అంతుపట్టలేదు. అర్మేనియన్లది సొంత లిపి. 5వ శతాబ్దం ఆరంభంలో మెస్రోప్ మాష్తోత్స్ అనే క్రైస్తవ గురువు దానిని రూపొందించాడు. గోల్కొండను కుతుబ్‌షాహీలు ఏలిన 17వ శతాబ్దం నాటి సమాధులు ఇక్కడ ఉన్నాయి.

వీళ్లు ఇంత దూరం ఎందుకు వచ్చినట్లు? తురుష్కులతో యుద్ధం జరుగుతుండగా పర్షియా రాజు షా అబ్బాస్ 1604-05లో జుల్ఫా పట్టణం నుంచి అర్మేనియన్లను బలవంతంగా తరలించి, ఇస్ఫహాన్ పక్కన కొత్త జుల్ఫాలో ఉంచాడు. ఊరు పోగొట్టుకున్న ఆ జనమే తర్వాత దేశదేశాల వర్తకులయ్యారు. మచిలీపట్నం అద్దకం బట్టలు, గోల్కొండ వజ్రాలు వాళ్లను ఇటు రప్పించాయి.

మద్రాసులో వీళ్ల గుర్తులు ఇంకా బాగున్నాయి. పెట్రూస్ ఉస్కాన్ అనే వర్తకుడు 1726లో సొంత డబ్బుతో అడయారు నదికి వంతెన కట్టించాడు. (ఒక్క కల్వర్టుకు ఎన్ని అర్జీలు పెట్టుకోవాలో పాఠకులకు తెలిసిందే.) అర్మేనియన్ భాషలో మొట్టమొదటి పత్రిక 'అజ్దరార్' 1794లో వెలువడింది కూడా మద్రాసులోనే. అక్కడి 1772 నాటి చర్చిని కలకత్తా అర్మేనియన్లు కనిపెట్టుకొని ఉన్నారు. ఉప్పుగూడ సమాధులకు దీపం పెట్టే వారసులు మాత్రం ఊళ్లో లేరు.

నా మటుకు నాకు ఆ రాళ్ల దగ్గర సిగ్గనిపించింది. మా తాతను పాతిపెట్టిన చోటు ఇవాళ నేను చూపించలేను. ఆ జాగా ప్లాట్లయింది. అప్పుడు మేమెవరమూ నోరెత్తలేదు. ధర పెరుగుతున్నదని సంతోషించిన వాళ్లలో నేనూ ఉన్నాను. సొంత తాత గోరీని కాపాడుకోని వాళ్లం పరాయి దేశస్థుల గోరీల గురించి మాట్లాడడమేమిటని కొందరు అనవచ్చు. అందుకే మాట్లాడుతున్నాను. మా తాత పేరు కనీసం మా ఇంట్లో తెలుసు. వీళ్ల పేర్లు ఆ రాతి మీద తప్ప ఈ ఊళ్లో మరెక్కడా లేవు.

పురావస్తు శాఖ వారు ప్రతి రాతికీ ఫొటో తీయించి, దానిమీద ఏముందో చదివించి, తెలుగులో, ఉర్దూలో అక్కడ రాసి పెట్టాలి. రైలు స్టేషన్ దగ్గర దారి చూపే బోర్డు ఉండాలి. ఇవేమీ లక్షలతో కూడిన పనులు కావు. మేడ్చల్, శామీర్‌పేట బడుల పిల్లలను గోల్కొండ తీసుకుపోయే ఉపాధ్యాయులు ఒక గంట ఇక్కడ కూడా ఆగితే, కోటలో చెప్పే వజ్రాల కథలో కొన్నవాళ్లెవరో పిల్లలకు తెలుస్తుంది.

మేము సంక్రాంతి సెలవుల్లో మళ్లీ వెళ్తున్నాము. ఈసారి ఇంట్లోవాళ్లు కూడా వస్తామంటున్నారు.