పదునాలుగేండ్ల పతకము, నలువదేండ్ల దరఖాస్తు

మన సంఘముల ప్రత్యేక సంచికలలో కార్యవర్గ సభ్యుల పరిచయములు ముద్రించు ఆచారము కలదు. తక్కిన వ్యాసములను వదలినను నేను వానిని మాత్రము వదలను. ఏబదియేండ్లు దాటిన పెద్దమనిషి, ఒక శాఖకు అధికారి, నలుగురి జీతభత్యములు నిర్ణయించువాడు. ఆయన పరిచయములోని మూడవ వాక్యము, ఆయన ఎనిమిదవ తరగతిలో వక్తృత్వపు పోటీయందు ప్రథమ బహుమతి గెలిచెనని చెప్పును. దానిని వ్రాసి యిచ్చినవాడు ఆయనయే. ఆ వాక్యమే ఆయన ఉద్యోగమునకు పెట్టుకొను దరఖాస్తులో, నేడు రెస్యూమె అని యందరును పిలుచు పత్రములో, నిలువెత్తున నిలిచియుండును. ఈ వాక్యము మీదనే నాకు కలహము.

బయట నిలుచుండి రాళ్లు రువ్వుట నా యుద్దేశము కాదు. నలువదియొకటవ యేట నేనును అట్టి పత్రమునే పట్టుకొని యొక సంస్థకు పోయితిని. అందు ఇరువదియేండ్ల ఉద్యోగపు వివరములు రెండు పుటలుండెను. చిట్టచివర, పద్యపఠనమున జిల్లాస్థాయి ప్రథమ బహుమతి పొందితినని యొక పంక్తి. అది నా పదునాలుగవ యేటి ముచ్చట. పరీక్షించుటకు కూర్చున్న ముగ్గురిలో నొకరు తెలుగువారు. ఆ పంక్తి మీద వేలుంచి, "ఏ పద్యాలు చదివినారు?" అని యడిగిరి. "గజేంద్రమోక్షంలోవి సార్" అంటిని. "బాగుంది. ఒకటి చదవండి, విందాము" అనిరి.

రెండు పాదములు వచ్చినవి. మూడవది రాలేదు.

ఆయన నవ్వలేదు. "పరవాలేదు లెండి" అని, పత్రమును మొదటి పుటకు త్రిప్పి, అందలి అంకెల నొక్కొక్కటిగా అడుగ నారంభించెను. ఎంతమంది నా క్రింద పనిచేసిరి, ఏ యేట ఎంత ఖర్చు తగ్గించితిని, దానికి సాక్ష్యమేమి? అంతవరకు ఎవ్వరును అడుగని అంకెలవి. అన్నియు నిజములే. అయినను ఆనాడు అవి అబద్ధములవలె నా నోట తడబడెను. చిల్లర చెల్లకపోయినచో నోటును కూడ వెలుగునకు పెట్టి చూతురు గదా! ఉద్యోగము రాలేదు. దానికి పద్యమే కారణమని నేననను. కాని ఇంటికి వచ్చు బస్సులో నేను తలచుకొన్నది మాత్రము ఉద్యోగమును గూర్చి కాదు, ఆ మూడవ పాదమును గూర్చి.

బాల్యమున పడిన శ్రమ మనిషి పట్టుదలకు గురుతు కాదా యని కొందరు వాదింతురు. ఇరువదిరెండేండ్ల వానికి అది నిజమే. అప్పుడే పట్టా చేతికి వచ్చిన పిల్లవానికి చూపుకొనుటకు వేరేమున్నది? వాడు ఎన్.సి.సి. యోగ్యతాపత్రమును, కబడ్డీ పోటీని, నాటకమును, అన్నిటిని వ్రాయవలసినదే. వ్రాయకుంటిమేని పల్లె పిల్లలకు మనమే అన్యాయము చేసినవారమగుదుము. నా వాదము నలువదేండ్లవాని మీద. పట్టుదల పదునాలుగవ యేటనే కనబడినదన్నచో, తరువాతి యిరువదియారేండ్లలో అది మరెక్కడను కనబడలేదా? కనబడినచో దానినే చూపవలెను. కనబడనిచో ఆ పతకము గురుతు కాదు, సమాధిరాయి.

ఈ వివేకము ప్రభుత్వపు నియమములకే కలదు. రైల్వేశాఖలో స్కౌట్లకని కొన్ని ఉద్యోగములు కేటాయించుచున్నారు. వానికి రాష్ట్రపతి పురస్కారమొక్కటియే చాలదు; ఇటీవలి అయిదేండ్లు ఆ సంస్థలో చురుకుగా పనిచేసి యుండవలెను. క్రీడాకారుల నియామకములందును నడుచుచున్న ఆర్థిక సంవత్సరమును, దానికి ముందటి రెండేండ్లును లెక్కకు వచ్చును. ఎన్.సి.సి. 'సి' పత్రము గలవారికి సైన్యమున వ్రాతపరీక్ష లేని ప్రవేశద్వారమొకటి కలదు గాని, ఆ ద్వారము ఇరువదియైదేండ్లకు మూతపడును. అమెరికాలోని మన బంధువుల పిల్లలు ఈగిల్ స్కౌట్ పదవికై ఏండ్ల తరబడి పాటుపడుదురు. అది పదునెనిమిదేండ్లు నిండకముందే సాధింపవలసినది. అక్కడి సైన్యమున చేరువేళ దానివలన ఒక మెట్టు పైనుండి మొదలిడవచ్చును. మొదలిడుటకే యది, పదవీవిరమణ నాటికి దానిని తలచుకొనువారుండరు. మనమో, ఆరిపోయిన దీపమునకు నూనె లెక్క చెప్పుచున్నాము.

ఒక్క మినహాయింపు ఒప్పుకొందును. పదవ తరగతి పత్రమును మనదేశమున ఎవ్వడును పారవేయలేడు. అందు పుట్టినతేది యున్నది. చచ్చువరకు అదియే సాక్ష్యము. బళ్ళారి పేరు ఇంగ్లీషున 2014 నవంబరు 1వ తేదిని మారినది. నా పత్రము మీద పాత వర్ణక్రమమే యున్నది. పాత పత్రము చెల్లును. పాత పద్యము చెల్లలేదు.

ఇంతకంటె గట్టి యభ్యంతరము నాకు మరొకటి యున్నది. పదునాలుగవ యేట నాకు పద్యము నేర్పుటకు ఇంట తాతగారుండిరి, పోటీకి తీసికొనిపోవుటకు తండ్రి యుండెను, కొత్త చొక్కా యుండెను. నా తరగతిలోనే నా ప్రక్క కూర్చున్న పిల్లవాడు ఆ యేడే బడి మానెను. ఈ యూరి జీన్స్ బట్టల కుట్టుపని యెరుగని వారు లేరు గదా! అట్టి యొక కార్ఖానాలో దారములు కత్తిరించుటకు కుదిరి, కొన్నాళ్లకు మిషనెక్కి, చెల్లెండ్లిద్దరిని చదివించెను. నేడతడు సొంతముగా పది మిషన్లు నడుపుచున్నాడు. అతని పదునాలుగవ యేటి సాధనను ఏ దరఖాస్తులో వ్రాయుదురు? ఏ సంచికలో అచ్చువేయుదురు? సండూరు, హోసపేట వైపు ఇనుపరాతి గనుల నాశ్రయించి బ్రతికిన కుటుంబముల పిల్లలను అడిగినచో, వక్తృత్వపు పోటీ యను మాటయే వారికి వింత. నలువదేండ్లవాడు తన బాల్యపు బహుమతిని వ్రాసికొన్నప్పుడు, పది మందిలో ఎనిమిదిసారులు వ్రాసికొనుచున్నది తన తండ్రి స్తోమతునే. అది నేరము కాదు. కాని అర్హత యనిపించుకొనదు.

బళ్ళారిలో కూర్చుండి ఈ మాట చెప్పుచు రాఘవగారిని తలపకుండుట యెట్లు? 1880లో జన్మించిన తాడిపత్రి రాఘవాచార్యులవారు పండ్రెండవ యేటనే రంగమెక్కిరని ఆయన చరిత్ర వ్రాసినవారు చెప్పుదురు. ఆ బాలనటుని నేడెవ్వరు తలచుచున్నారు? 1905లో న్యాయశాస్త్రపు పట్టా పుచ్చుకొని, పగలు క్రిమినలు వ్యాజ్యములు వాదించి, రాత్రులు వేషము కట్టిన రాఘవను లోకమెరుగును. కోలాచలం శ్రీనివాసరావుగారి నాటకమున పఠాన్ రుస్తుం పాత్రను మన పెద్దలు కథలుగా చెప్పుకొనిరి. నలువదియెనిమిదవ యేట, 1928లో, ఐరోపా యాత్ర చేసిరి. ఏబదితొమ్మిదవ యేట 'రైతుబిడ్డ' చిత్రమున నటించిరి. ఏ వయసున అడిగినను మూడవ పాదము చెప్పగలిగిన మనిషి ఆయన. ఆయన మేనమామ ధర్మవరం రామకృష్ణమాచార్యులవారును అంతే. సరసవినోదినీ సభను నెలకొల్పునప్పటికి ముప్పదియేండ్లు దాటిన వకీలు.

ఇక మన సంఘపు సంగతి. వ్యక్తులనే యేల దూషింపవలెను? మన సంఘముల పరిచయములును ఈ రెస్యూమెల వంటివే. ప్రతి సంచికయు ధర్మవరమువారితో మొదలిడి, కోలాచలమువారి మీదుగా నడచి, 1946లో రాఘవగారి నిర్యాణముతో ముగియును. తరువాతి పుటనుండి ప్రకటనలే. 1953 అక్టోబరు 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రకును, తక్కిన జిల్లా మైసూరునకును పోయినది మొదలు, ఇచ్చటి తెలుగువానికి తన ఉనికిని చెప్పుకొనుటకు పాత పతకములే దిక్కైనవి. ఆ బాధ నాకు తెలియును. పరాయివాడవని యెవ్వరైన ననునేమోయని జంకినవాడు తాతల పేర్లు ఏకరువు పెట్టును. కాని మన యిండ్లలో పిల్లలు ఇంట తెలుగు మాటాడుచు, బడిలో కన్నడమో ఇంగ్లీషో చదువుచు, తెలుగు అక్షరమును మాత్రము బొమ్మగా చూచుచున్నారు. రాఘవ కళామందిరము మీది పేరును తెలుగున వ్రాసి యిచ్చినచో చదువగలవారు మన సభ్యుల పిల్లలలో ఎందరు? పరీక్షకుడెవ్వడైన మన సంఘమును కూర్చుండబెట్టి, "బాగుంది. ఒకటి చదవండి, విందాము" అనినచో ఏమి చేయుదుము?

ఈ సంచిక సంపాదకులు నా పరిచయమును అడిగినప్పుడు, అలవాటు చొప్పున పద్యపఠనపు పంక్తి కలము చివరకు వచ్చినది. కొట్టివేసితిని. ఆ యింటర్వ్యూ తరువాత పోతనను మరల తెరచితిని. ఆదివారములందు నా మనుమరాలితో కలిసి చదువుచున్నాను. ఆమె కన్నడలిపిలో వ్రాసికొని వల్లించును. నేను తెలుగున చూచి వల్లింతును. ఆమెకు నాలుగు పాదములును వచ్చినవి. నేనింకను మూడవ దగ్గర ఆగుచున్నాను. అందుచేత పరిచయమున వ్రాయలేదు.