మొక్కకి మైల లేదు

మా ఇంట్లో టమాటా మొక్క వాడిపోతే ముందు వెతికేది పురుగుని కాదు, ఆ వారం బయట ఉన్న ఆడదాన్ని.

చీపురుపల్లిలో మాది చిన్న వాటా, పెరడు లేదు. ముందు గదిలో కిటికీ పక్కన నాలుగు కుండీల్లో టమాటా వేశాను. నీళ్ళు పోసే పని మా అమ్మాయిది. నెల తిరక్కుండానే కాడలు సన్నగా సాగి, పాలిపోయి, కిటికీ వైపు వాలిపోయాయి. "ముట్టులో ఉన్న పిల్ల తాకితే మొక్కలు బతుకుతాయేటి?" అన్నారు మా అత్తయ్య. పిల్ల చెంబు కింద పెట్టేసింది. మళ్ళీ ఆ కిటికీ దగ్గరికి వెళ్ళలేదు. నాకు కోపం వచ్చింది అందుకే.

టమాటాకి రోజుకి కనీసం ఆరు గంటల సూటి ఎండ కావాలి. అది అందకపోతే వెలుతురు వెతుక్కుంటూ కాడ సాగుతుంది. అడుగు ఆకులు పసుపెక్కితే నీళ్ళు ఎక్కువయ్యాయేమో, కుండీకి కన్నం ఉందో లేదో చూడాలి. ఆకులు గుబురుగా వచ్చి పూత రాకపోతే నత్రజని ఎక్కువై ఉండొచ్చు. పగటి వేడి 35 డిగ్రీలు దాటితే పూత రాలుతుంది. ఇంట్లో గాలి ఆడదు, తేనెటీగ రాదు కాబట్టి పూలగుత్తిని వేలితో తట్టాలి. నీళ్ళు ఒకరోజు ముంచెత్తి నాలుగు రోజులు మానేస్తే, కాల్షియం అందక కాయ అడుగు నల్లబడుతుంది.

ఇందులో నెలసరి ఎక్కడుందమ్మా?

మన పొలాల్లో నాట్లు వేసేదీ, కలుపు తీసేదీ ఆడవాళ్ళే. తేదీలు అడిగి మడిలోకి దింపుతున్నామా? వాళ్ళు నాటిన వరి అన్నానికి లేని మైల, మా కుండీకి ఎలా వచ్చింది?

ఆ రోజుల్లో విశ్రాంతి కోసమే పెద్దలు పెట్టారంటారు కొందరు. విశ్రాంతి ఇవ్వండి, సంతోషం. మంచం ఇవ్వడానికి నింద ఎందుకు?

కుండీలు ఎండ తగిలే మేడమెట్ల మీదికి మార్చాను. సాగిన కాడల కింది ఆకులు తీసేసి లోతుగా పాతాను, టమాటా కాడకే వేళ్ళు పుడతాయి. అమ్మాయి చేతికి చెంబు నేనే ఇచ్చాను, ఆ నాలుగు రోజులూ కూడా. మూడు మొక్కలు నిలదొక్కుకున్నాయి. నాలుగోది నేనే నీళ్ళు ఎక్కువ పోసి చంపాను. దానికి మాత్రం ఎవరూ నన్ను తేదీ అడగలేదు.

మీ ఇంట్లో మొక్క వాడితే కిటికీని నిలదీయండి, కుండీని నిలదీయండి. పిల్లని కాదు.