పంటి వైద్యం విలాసం కాదు, హక్కు

రోజుకు ఐదుసార్లు నమాజు కోసం వుజూ చేస్తూ నోరు పుక్కిలించే సమాజం మనది. దైవప్రవక్త (స) మిస్వాక్‌ను ఎంతగానో ప్రోత్సహించారు. అయినా ఉమ్మడి కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతమైన జగ్గయ్యపేట, నందిగామల్లో పేద కుటుంబాలకు దంతవైద్యుడు గుర్తుకొచ్చేది నొప్పి భరించలేనప్పుడే.

ఈ నిర్లక్ష్యం నోటితో ఆగదు. తెలుగువారెందరో పొట్టకూటికై వెళ్లే ఖతర్‌లో 568 మంది కోవిడ్ రోగులపై జరిగిన అధ్యయనం 2021లో వెలువడింది. వయస్సు, ధూమపానం, ఇతర వ్యాధుల ప్రభావాన్ని మినహాయించి చూసినా, చిగుళ్ల వ్యాధి ముదిరినవారిలో ఐసీయూ చికిత్స, కృత్రిమ శ్వాస, మరణం ఎక్కువగా కనిపించాయి. చిగుళ్ల వ్యాధే అందుకు కారణమని ఇది రుజువు చేయలేదు. అయితే చిగుళ్లలోని సూక్ష్మక్రిములు లాలాజలంతో ఊపిరితిత్తుల్లోకి జారుతాయన్నది వైద్యులకు తెలిసినదే.

మిస్వాక్ పాచిని తొలగిస్తుంది. గట్టిపడిన గారను వైద్యుడే తీయాలి. గుట్కా, జర్దా మానడం మన బాధ్యత. వైద్యుణ్ణి అందుబాటులో ఉంచడం ప్రభుత్వ బాధ్యత. జిల్లా ఆసుపత్రుల్లోనూ, అంతకు దిగువ స్థాయిలోనూ దంత విభాగాలకు తోడ్పడేందుకే 2014-15లో జాతీయ నోటి ఆరోగ్య కార్యక్రమం ఆరంభమైంది. విజయవాడ ప్రభుత్వ దంతవైద్య కళాశాలకు వెళ్లి రావాలంటే దినకూలీకి ఆ రోజు కూలి పోతుంది.

కనుక ఈ రెండు పట్టణాల ప్రభుత్వాసుపత్రుల్లో గార తీసే సేవతో సహా దంతవైద్యం నిత్యం అందాలని మసీదు కమిటీలు, మహిళా సంఘాలు కలిసి అడగాలి. అది సాధిస్తే మేలు ముస్లింలకే కాదు, కష్టజీవులందరికీ.