బొమ్మ కింద పేరేదీ?

నంద్యాల నుంచి ఆళ్లగడ్డ బస్సులో ఫోన్లో పాత ‘చందమామ’ సీరియల్ ‘రాతిరథం’ చదువుతున్నా. మార్వెల్ రాకముందు మన పిల్లల సాహసవీరులు వీళ్లే. బొమ్మలు గీసింది చిత్రా. రచయిత పేరు మాత్రం ఎక్కడా లేదు! ‘తోకచుక్క’ మొదలు డజను సీరియల్స్ రాసిన ఆయన దాసరి సుబ్రహ్మణ్యం.

అమెరికాలోనూ ఇదే కథ. బ్యాట్‌మన్‌కి ప్రాణం పోసిన బిల్ ఫింగర్ 1974లో పోయారు. సృష్టికర్తల వరసలో ఆయన పేరు అధికారికంగా చేరింది 2015లో!

ఆళ్లగడ్డలో దిగితే ఉలి చప్పుళ్లు. ఇక్కడ చెక్కిన విగ్రహాలు ఎక్కడెక్కడి గుళ్లకో వెళ్తాయి. దండం పెట్టేవాళ్లలో శిల్పి పేరు అడిగేదెవరు?

ఈసారి నచ్చిన కామిక్ బొమ్మ స్టేటస్‌లో పెడితే, రాసినవాళ్ల పేరు, గీసినవాళ్ల పేరు కూడా వెతికి పెట్టండి. రెండు నిమిషాల పనే కదా!