గూడు విడిచే నెల



పోయిన చలికాలంలో ఈ పేజీలో కొంగల గురించి వ్రాస్తే, "అయ్యగారు వాక్యము మాని కొంగల వెంట పడ్డారు" అని ఒక పెద్దాయన ఉత్తరం వ్రాశారు. ఆయన నన్ను క్షమించాలి. ఈ నెల గద్ద.

మా సంఘములో పెరిగిన ఒక అమ్మాయి బ్రిటన్‌లోని వేల్స్ ప్రాంతములో నర్సుగా పని చేస్తున్నది. మూడేళ్ళ క్రితం ఫోనుకు ఏదో పంపించి, "అయ్యగారూ, మీకు పక్షులంటే ఇష్టం కదా, తీరిక దొరికినప్పుడు చూడండి" అన్నది. తెరచి చూస్తే ఒక పొడుగాటి స్తంభము, దాని మీద పుల్లల గూడు, గూటిలో తెల్లని తల, కళ్ళ మీదుగా నల్లని చార ఉన్న పెద్ద పక్షి. అది డవీ అనే నది ఒడ్డున ఉన్న గూడు. కెమెరా పెట్టి లోకమంతటికీ చూపిస్తున్నారు. వేసవిలో మనకు రాత్రి 9 గంటలైతే అక్కడ సాయంత్రం నాలుగున్నర. కుటుంబ ప్రార్థన ముగించి, భోజనాలయ్యాక, నేనూ మా ఇంటావిడా ఆ గూటి ముందు కూర్చోవడం అలవాటైపోయింది.

ఆ పక్షిని ఆస్ప్రే అంటారు. లేవీయకాండము 11వ అధ్యాయములో తినకూడని పక్షుల వరుసలో మన తెలుగు బైబిలు క్రౌంచుపక్షి అన్నచోట పాత ఇంగ్లీషు బైబిలులో ఈ పేరే ఉన్నది. ఆహారము దాదాపుగా చేపలే. పైనుండి చూచి, కాళ్ళు ముందుకు చాచి నీళ్ళలోకి దూకుతుంది. జారిపోయే చేపను పట్టడానికి దాని అరికాళ్ళ నిండా సన్నని ముళ్ళవంటి గరుకు ఉంటుంది. బయటి వేలు వెనుకకు తిరుగుతుంది గనుక రెండు వేళ్ళు ముందు, రెండు వెనుక వేసి బిగిస్తుంది. పట్టిన చేపను గాలికి అడ్డం కాకుండా తల ముందుకు వచ్చేలా త్రిప్పుకొని మోసుకొనిపోతుంది. చలికాలంలో మన పులికాట్ సరస్సు మీద, కోరంగి మడ అడవుల దగ్గర కూడా ఆస్ప్రేలు కనిపిస్తాయి. అయితే అవి ఉత్తర దేశాల నుండి చలికి వచ్చినవి, ఇక్కడ గూడు కట్టవు. అందుచేత వాటి సంసారము చూడాలంటే నాకు ఆ ఫోనే గతి.

వేల్స్ ఆస్ప్రేలు చలికాలము పశ్చిమ ఆఫ్రికాలో గడుపుతాయి. మగది, ఆడది కలిసి పోవు, కలిసి ఉండవు. వేర్వేరుగా బయలుదేరి, దాదాపు 5,000 కిలోమీటర్లు ఎగిరి, మార్చి చివర, ఏప్రిల్ మొదట్లో పాత గూటికే వచ్చి కలుసుకొంటాయి. ముందు వచ్చినది గూడు సవరిస్తూ ఎదురు చూస్తుంది. రెండవది రాకపోవడము కూడా ఉన్నది.

ఏప్రిల్ చివరికి సాధారణంగా మూడు గుడ్లు. సుమారు 37 రోజులు పొదగాలి. ఎక్కువ భాగము తల్లే కూర్చుంటుంది. మగది చేప తెచ్చి, దారిలో తల భాగము తాను తిని, మిగతాది ఆమెకు ఇస్తుంది. ఆమె ప్రక్క కొమ్మ మీద తింటున్నంతసేపు అది గుడ్ల మీద కూర్చుంటుంది. "తల తినేసి తెచ్చినా, తెచ్చి ఇస్తున్నాడు చూడండి" అని మా ఇంటావిడ నా వైపు చూచి అన్నది. నేను జవాబు చెప్పలేదు.

పిల్లలు పుట్టాక తల్లి గోరంత ముక్కలు చీల్చి ఒక్కొక్క నోటికి అందిస్తుంది. వాన వస్తే రెక్కలు గొడుగులా పరచి తాను తడుస్తుంది. తండ్రి రోజుకు ఐదారు చేపలు తేవలసి వస్తుంది. అక్కడే ఇబ్బంది. గాలి ఎక్కువైతే, నీళ్ళు బురదైతే, పైనుండి చేప కనిపించదు.

ఈ గూటి పాత కథ ఒకటి తరువాత తెలిసింది. అప్పుడు ఇక్కడ మాంటీ అనే మగపక్షి, నోరా అనే ఆడపక్షి ఉండేవి. వేల్స్‌లో ఆధునిక కాలంలో ఆస్ప్రేలు గూడు కట్టడమే 2004లో మొదలు. ఈ స్తంభము మీద తొలి పిల్లలు 2011లో పుట్టాయి. 2012లో మళ్ళీ మూడు పిల్లలు. జూన్ రెండవ వారంలో తుఫాను వచ్చి ఆ నదీ ప్రాంతమంతా వరదలో మునిగింది. మాంటీకి చేప దొరకలేదు. నోరా రెక్కలు పరచి తడుస్తూ కూర్చున్నది. రెండు పిల్లలు చనిపోయాయి. మూడవది కొస ప్రాణంతో ఉన్నప్పుడు, ఆ గూటిని కాపలా కాచే మనుష్యులు ఆ వానలోనే పైకి ఎక్కి, చేపముక్కలు దాని నోటికి అందించారు. సృష్టిలో జరిగేదానికి మనము అడ్డుపడవచ్చునా అని అడిగేవారుంటారు. గుడ్లు దొంగిలించి, తుపాకులతో కాల్చి, ఒకప్పుడు బ్రిటన్‌లో ఈ జాతి గూళ్ళే లేకుండా చేసినది మనుష్యులే గదా, నాలుగు చేపముక్కలు పెట్టడానికి ఇంత ఆలోచన దేనికి అనిపించింది నాకు.

పిల్ల బ్రతికింది. కెయ్‌లన్ అని పేరు పెట్టారు. రెక్కలొచ్చి, ఒంటరిగా ఎగిరి, ఆఫ్రికాలోని సెనెగల్ చేరింది. దాని వీపు మీద కట్టిన చిన్న యంత్రము దారి అంతా చెప్పింది. ఆ సంవత్సరము ముగియకముందే అది ఒక చేపల వలలో చిక్కుకొని చనిపోయింది.

ఇది చదివి వినిపించిన రాత్రి మా ఇంటావిడ చాలాసేపు మాట్లాడలేదు. "అంత వానలో ఎక్కి తినిపించినది దీనికా?" అన్నది. మా సంఘములో సగము మంది వలవేసి బ్రతికేవారు. సెనెగల్‌లో ఆ వల వేసినవాడూ పిల్లల కోసమే వేసి ఉంటాడు, అతని మీద కోపము తెచ్చుకోలేము. నేను డిప్లొమాలో చదివిన వేదాంతము అంతా వెదికినా ఆమె ప్రశ్నకు సరిపడే మాట దొరకలేదు. వానలో ఎక్కినవారికి ఆ రోజు సెనెగల్ సంగతి తెలియదని, తెలిసినా ఎక్కేవారేనని మాత్రము అన్నాను. "అది నాకూ తెలుసు" అన్నది ఆమె.

2013లో మాంటీ తిరిగి వచ్చింది, నోరా రాలేదు. మరొక ఆడపక్షి వచ్చింది. ఆ ఏటి పిల్లలలో ఒకటి, క్లారఖ్ అనే ఆడది, పెద్దయి స్కాట్లాండులో గూడు కట్టింది. 2020లో మాంటీ కూడా రాలేదు. గూడు మాత్రము ఖాళీగా లేదు.

ఇక చివరి భాగము. పిల్లలు ఏడెనిమిది వారాలకు ఎగురుతాయి. ఎగిరే ముందు కొన్ని రోజులు గూటి అంచున నిలబడి రెక్కలు ఆడిస్తూ, ఒక్క అంగుళము లేచి మళ్ళీ దిగుతూ, మన ప్రాణము తీస్తాయి. ఎగిరిన తరువాత కూడా చాలా రోజులు గూటికి వచ్చి చేప కోసము కేకలు పెడతాయి. ఆగస్టులో సాధారణంగా తల్లి ముందు వెళ్ళిపోతుంది. ఇది నాకు మొదట నచ్చలేదు. ఏప్రిల్ నుండి ఆ గూటిని అంటిపెట్టుకొని నీరసించిన పక్షి అది, ప్రయాణానికి బలము కూడగట్టుకోవాలి అని తరువాత అర్థమైంది. తండ్రి ఉండి, చివరి పిల్ల వెళ్ళేవరకు చేపలు తెస్తూనే ఉంటుంది. పిల్లలకు ఎవరూ దారి చూపరు. ఒక్కొక్కటీ ఒంటరిగా, ఎన్నడూ చూడని దేశానికి వెళ్ళాలి. బ్రతికినవి అక్కడే పెరిగి, మామూలుగా రెండేళ్ళ తరువాత గాని తిరిగి రావు. మొదటి ఏడాది దాటనివి చాలా ఉంటాయి.

మా పెద్దమ్మాయికి ఈసారి నర్సింగ్ కాలేజీలో సీటు వచ్చింది. సెప్టెంబరు మొదటి వారంలో రైలెక్కించాము. ఆవకాయ సీసా మూత బిగుసుకోలేదని దానికి ప్లాస్టిక్ కవరు, కవరు మీద తువ్వాలు, తువ్వాలు మీద దారము చుట్టారు వాళ్ళమ్మగారు. "నాన్నా, రాత్రిపూట ఫోను చేసి తిన్నావా అని అడగవద్దు, తింటాను" అని అమ్మాయి ముందే చెప్పింది. నేను అడగలేదు. వాళ్ళమ్మ రెండుసార్లు అడిగింది.

ఆ రాత్రి ఇంటికి వచ్చి అలవాటు చొప్పున ఫోను తెరిచాము. గూడు ఖాళీగా ఉన్నది. మగపక్షి కూడా వెళ్ళిపోయినట్టున్నది. ఒక ఎండు చేపతోక మాత్రము పుల్లల మధ్య ఇరుక్కొని గాలికి కదులుతున్నది.

"మళ్ళీ ఎప్పుడు వస్తాయి?" అన్నది మా ఇంటావిడ.

"మార్చి ఆఖరుకు."

"అమ్మాయికి క్రిస్మస్ సెలవులు ఎన్ని రోజులు ఇస్తారో కనుక్కున్నారా?"

కనుక్కోలేదు. రేపు ఫోను చేసి అడగాలి, రాత్రి కాకముందే.