జింకకు చట్టం ఉంది, నేల లేదు

శ్రీరాంసాగర్ జలాశయం నీళ్లు వెనక్కి తగ్గాక నందిపేట వైపు ముంపు భూముల్లో గడ్డి మొలుస్తుంది. ఆ పచ్చికకు కృష్ణజింకలు మందలుగా వస్తాయి. నిజామాబాద్ జిల్లాలో వన్యప్రాణుల మాటెత్తితే అందరం సిరికొండ, ఇందల్వాయి గుట్టల్లోని చిరుతల గురించే మాట్లాడతాం. చిరుతకు కనీసం రిజర్వు ఫారెస్టు అనే హద్దుంది. మైదానంలో బతికే జింకకు అదీ లేదు.

కృష్ణజింక దట్టమైన అడవిలో ఇమడదు. దానికి దూరం కనబడాలి, పరుగెత్తడానికి జాగా ఉండాలి. పిల్లను ఈనిన తల్లి మొదట్లో దాన్ని గడ్డిలోనే దాచి మేతకు పోతుంది. అలికిడైతే పిల్ల నేలకు కరుచుకుని కదలకుండా పడుకుంటుంది. మనిషి కంటికి అది ఆనదు గానీ ఊరకుక్క ముక్కుకు దొరికిపోతుంది. అలాంటి నేలను మనం బీడు, బంచరాయి, గైరాన్ అన్నాం. పంపకాలకైనా, ప్లాట్లకైనా ముందు పోయేది అదే.

సాగునీరు వచ్చినప్పుడూ పోయింది ఆ బీడే. నిజాంసాగర్ ప్రాజెక్టు 1931లో పూర్తయింది. 2.75 లక్షల ఎకరాల ఆయకట్టు దాని లక్ష్యం. 1937లో బోధన్ దగ్గర శక్కర్‌నగర్‌లో చక్కెర ఫ్యాక్టరీ వెలిసింది. బోధన్ చుట్టుపక్కల నల్లరేగడంతా చెరుకైంది. ఆ నీళ్లు లక్షల మందికి బువ్వ పెట్టాయి, వాటిని తప్పుపట్టలేం. కానీ ఆ మార్పు అన్ని జంతువులకూ ఒకేలా పనిచేయలేదు. చెరుకుతోట అడవిపందికి ఇల్లూ అయింది, తిండీ అయింది. జింకకు మాత్రం దారి మూసుకుపోయింది. 2015 డిసెంబరులో ఫ్యాక్టరీ మూతపడ్డాక చెరుకు తగ్గి వరి, సోయా పెరిగాయి. పోయిన బీడు తిరిగి రాలేదు.

పందుల కోసం పెట్టే కరెంటు తీగ ఇంకో ముప్పు. చేను చుట్టూ కర్రలు పాతి, మోకాలెత్తులో బోసి తీగ లాగి, మోటారు కరెంటు కలుపుతారు. చీకట్లో దానికి ఏది తగిలినా చావే. నీళ్లు పెట్టడానికి వచ్చిన రైతులే బలైన ఘటనలు తెలంగాణలో ఉన్నాయి. పంట పోయిన రైతుకు పరిహారం వెంటనే అందకపోతే ఈ తీగలను ఏ హెచ్చరికా ఆపలేదు.

1972 వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూలులో కృష్ణజింక ఉంది. వేటాడితే మూడు నుంచి ఏడేళ్ల జైలు. చట్టం జంతువును కాపాడుతోంది, అది నిలబడే నేలను వదిలేస్తోంది. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం (ఐయూసీఎన్) జాబితాలో ఈ జాతికి ఇప్పుడు పెద్ద ముప్పు లేదని ఉన్న మాట నిజమే. రక్షణ దొరికిన చోట్ల మందలు పెరగడమే దానికి కారణం. బంగ్లాదేశ్‌లో మాత్రం ఈ జాతి పూర్తిగా అంతరించింది. ఒడిశా గంజాం జిల్లాలో జింకలుంటే వానలు పడతాయని నమ్మే పల్లెలు వాటిని పొలాల్లోనే కాపాడుకున్నాయి. అక్కడ ఇప్పుడు ఏడు వేలకు పైగా ఉన్నాయి.

మనకు దారి లేకపోలేదు. శ్రీరాంసాగర్ ముంపు భూమి ప్రాజెక్టు కోసం ప్రభుత్వం ఎప్పుడో సేకరించినదే, కొత్తగా ఎవరి పట్టా తీసుకోనక్కర్లేదు. 2002 సవరణతో వన్యప్రాణి చట్టంలో చేరిన కన్జర్వేషన్ రిజర్వు నిబంధన సరిగ్గా ఇలాంటి ప్రభుత్వ భూములకోసమే. స్థానికులను సంప్రదించాకే ప్రకటించాలి, నిర్వహణ కమిటీలో పంచాయతీలకు చోటివ్వాలి. నీటిపారుదల, అటవీ శాఖలు నందిపేట పల్లెలతో కూర్చుని, జింకలు మేసే మేరకైనా హద్దురాళ్లు పాతాలి. వచ్చే వేసవిలో నీళ్లు తగ్గేలోపు ఆ పని మొదలుపెట్టాలి.