అడగని ప్రశ్నకు తీర్పు

మన మిత్రుల్లో ఒక వాదన తరచు వినబడుతున్నది. కోర్టు ఏ పద్ధతిలో తీర్పు చెప్పిందన్నది వకీళ్ల గొడవ అనీ, ఆ తీర్పు ఎవరికి మేలు చేసిందన్నదే మనం చూడవలసిందనీ వారంటారు. మొన్న విశాఖపట్నంలో జరిగిన ఒక గోష్ఠిలో ఒక యువ అధ్యాపకుడు ఈ మాటే మరింత సూటిగా అన్నాడు: "ప్రొసీజరు బూర్జువాల ఆట. ఫలితం మనదైతే చాలు." చాలామంది చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేదు. ఎందుకు కొట్టలేదో చెప్పటానికే ఈ వ్యాసం.

ఆ మాటకు ఆధారం లేకపోలేదు. ఈ వూరి వకీలు రాచకొండ విశ్వనాథశాస్త్రి రాసిన 'ఆరు సారా కథలు' చదివినవారికి, కోర్టు ఆవరణలో పేదవాడి గతి గురించి భ్రమలు వుండటానికి వీల్లేదు. వాయిదాలు, ఫీజులు, సాక్ష్యాల బేరాలు ఇవన్నీ డబ్బున్నవాడికి అనుకూలంగానే పనిచేస్తాయి. నిజమే. కాని శత్రువు చేతిలో కత్తి వున్నదని మన చేతిలోని డాలును మనమే పారవేసుకోవాలా?

2020 వేసవిలో పదహారు రోజుల తేడాతో రెండు ఉత్తర్వులు వెలువడ్డాయి. రెండూ విశాఖ జిల్లాను తాకినవే. వాటిని పక్కపక్కన పెట్టి చూద్దాం.

మే 7వ తేదీ తెల్లవారకముందే ఆర్.ఆర్. వెంకటాపురంలోని ఎల్‌జీ పాలిమర్స్ కర్మాగారం నుంచి స్టైరీన్ ఆవిరి వూరిమీద పడింది. నిద్రలో వున్నవాళ్లు నిద్రలోనే, పరుగెత్తినవాళ్లు రోడ్లమీద కూలిపోయారు. పన్నెండు మంది చనిపోయారు. మర్నాడే జాతీయ హరిత ట్రిబ్యునల్, ఎవరి అర్జీ కోసమూ ఎదురుచూడకుండా, తనంతట తాను కేసు చేపట్టింది. జిల్లా మెజిస్ట్రేటు వద్ద 50 కోట్ల రూపాయలు డిపాజిట్ చెయ్యమని కంపెనీని ఆదేశించింది. ఎవరూ అడగకుండా కేసు చేపట్టే అధికారం ట్రిబ్యునల్‌కు లేదని కంపెనీ వాదించింది. ఆ అధికారం వున్నదని 2021 అక్టోబర్ 7న, ముంబయి మునిసిపల్ కార్పొరేషన్ కేసులో, సుప్రీంకోర్టు తేల్చింది.

ఆ తేల్చటం సరైనదే. ఆస్పత్రి మంచంమీద వూపిరాడనివాడు అర్జీ రాసుకుని రావాలనటం అమానుషం. ఇంతవరకు ఆ యువమిత్రుడూ నేనూ ఒక్కటే.

ఇక రెండోది. ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చేబ్రోలు లీలాప్రసాదరావు కేసులో తీర్పు చెప్పింది. షెడ్యూల్డు ప్రాంతాల బడులలో టీచరు ఉద్యోగాలన్నీ స్థానిక గిరిజనులకే ఇవ్వాలన్న 2000 జనవరి 10 నాటి జీవో 3ను కొట్టివేసింది. ఆనాడు విశాఖ జిల్లాలోనే వున్న పాడేరు ఏజెన్సీలో ఆ జీవో అంటే ఏమిటో ఉపాధ్యాయులకు నేను చెప్పనక్కరలేదు. మైదానం నుంచి వేసిన టీచరు కొండ ఎక్కకపోతే బడికి తాళం పడుతుంది. ఆ తాళం తియ్యటానికే ఆ జీవో వచ్చింది.

తీర్పులోని ప్రధాన భాగంతో నాకు పేచీ వున్నది. కాని అది వేరే పేచీ. ధర్మాసనం ముందు నాలుగు ప్రశ్నలున్నాయి: అయిదో షెడ్యూలు కింద గవర్నరు అధికారం ఎంత, నూరు శాతం రిజర్వేషను చెల్లుతుందా, అది రిజర్వేషనా లేక వర్గీకరణా, స్థానికతకు పెట్టిన షరతులు సబబా. వీటిమీద పక్షాలు వాదించుకున్నాయి, ఓడినవాడు తన మాట చెప్పుకునే ఓడాడు. కోర్టు అక్కడ ఆగలేదు. షెడ్యూల్డు కులాల్లో, తెగల్లో బాగుపడినవాళ్లు ప్రయోజనాలను కిందివాళ్లకు చేరనివ్వటం లేదనీ, ప్రభుత్వం జాబితాలను సవరించాలనీ కూడా చెప్పింది. నాలుగు ప్రశ్నల్లో ఇది ఎక్కడున్నది?

వాదనల్లో ఒక సీనియర్ న్యాయవాది ఆ మాట అన్నారని తీర్పే చెబుతున్నది. అని వుండవచ్చు. వాదనలో దొర్లిన మాట వివాదాంశం కాదు. జాబితాలు ఒక్క పాడేరుకో, భద్రాచలానికో చెందినవి కావు. అవి దేశంలోని ప్రతి షెడ్యూల్డు తెగవీ, ప్రతి షెడ్యూల్డు కులానివీ. జార్ఖండులోని సంతాలుకు ఈ కేసు వున్నదనే తెలియదు. అతన్ని పిలిచినదెవరు?

"అది అభిప్రాయమే గాని ఆజ్ఞ కాదు గదా" అని నాకు జవాబు రావచ్చు. రాజ్యాంగ ధర్మాసనం అభిప్రాయం గాలికి పోదు. 2024 ఆగస్టు 1న ఏడుగురు న్యాయమూర్తుల ముందున్న ప్రశ్న షెడ్యూల్డు కులాల వర్గీకరణ. బెంచిలో నలుగురు దానితో ఆగక, ఆ కులాల్లో, తెగల్లో క్రీమీ లేయరును తప్పించాలన్నారు. అడగని ప్రశ్నకు ఒకసారి జవాబు చెబితే, ఆ జవాబే తర్వాత ఆధారమవుతుంది.

ఉద్యోగులకూ ఈ అనుభవం వున్నది. 2003లో తమిళనాడు ప్రభుత్వం సమ్మె చేసిన లక్షకు పైగా ఉద్యోగులను తొలగించింది. ఆ తొలగింపులమీద సుప్రీంకోర్టుకు వెళితే, ప్రభుత్వోద్యోగులకు సమ్మె చేసే నైతిక హక్కు కూడా లేదన్న మాట ఆ ఆగస్టు 6న తీర్పుకెక్కింది. ఆ మాట తగిలిన మిగతా రాష్ట్రాల గుమాస్తాలూ టీచర్లూ ఆ కేసులో పార్టీలు కారు.

ఇప్పుడు చట్టం ఏమంటున్నదో చూడండి. 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో 41వ ఆర్డరు, 2వ రూలు వున్నది. అప్పీలు పత్రంలో లేని కారణం మీద కూడా కోర్టు తీర్పు చెప్పవచ్చు, అయితే దానివల్ల దెబ్బతినే పక్షానికి ఎదుర్కొనే తగిన అవకాశం ఇచ్చి తీరాలి అని దాని సారాంశం. ఫ్రాన్సు సివిల్ ప్రొసీజర్ కోడ్ 16వ అధికరణమూ అదే చెబుతుంది: జడ్జి తానుగా లేవనెత్తిన న్యాయాంశాన్ని ముందుగా పక్షాల ముందు పెట్టి, వాళ్ల మాట వినకుండా, దానిమీద తీర్పు నిలబెట్టరాదు. తెల్లదొరల కాలపు చట్టం రెండెకరాల తగాదాకు ఇచ్చిన రక్షణ, కోట్లాది గిరిజనుల భవిష్యత్తుకు లేకపోవటం ఏమి న్యాయం?

కనుక తేడా 'తనంతట తాను' అన్నదానిలో లేదు. ట్రిబ్యునల్ అడగకుండా లేచింది గాని, కంపెనీకి నోటీసు ఇచ్చింది, దాని వకీళ్ల మాట విన్నది, ఆ తర్వాతే జూన్‌లో తీర్పు చెప్పింది. ముందుగా కట్టించుకున్నది డిపాజిట్. తప్పు లేదని తేలితే తిరిగి ఇవ్వదగినది. కోట్లకు అధిపతి అయిన కంపెనీకి దక్కిన ఆ వినికిడి, జాబితాల విషయంలో గిరిజనుడికి దక్కలేదు. మన అభ్యంతరం ఇదీ.

పద్ధతి బూర్జువాల ఆట అనే మిత్రుడికి ఒక సంగతి చెబుతాను. చాలా ఏళ్ల కిందట పోర్టు ప్రాంతంలో ఒక కాంట్రాక్టు కార్మికుడికి మూడు రోజుల గైర్హాజరుకు ఛార్జిషీటు ఇచ్చారు. ఎంక్వయిరీ అంతా దానిమీదే జరిగింది. అతను డాక్టరు సర్టిఫికెట్ చూపించాడు. చివరికి వచ్చిన ఉత్తర్వులో గైర్హాజరు ఊసే లేదు. సూపర్‌వైజరుతో అమర్యాదగా ప్రవర్తించినందుకు తొలగించామని వున్నది. అప్పీలు రాసిపెట్టమని నా దగ్గరకు వచ్చాడు. ఏమి అమర్యాద, ఏ రోజు, ఎవరు విన్నారు? కాగితం మీద ఏమీ లేదు. కలం పట్టుకుని కూర్చున్నాను గాని, మోపని నేరానికి జవాబు ఎలా రాయాలో తెలియలేదు. "నన్నడగనేదు మాస్టారూ. అడిగితే సెప్పీవోణ్ణి గదా," అన్నాడతను.

ఈ బాధ తెలిసే 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం, లేబరు కోర్టు తనకు నివేదించిన అంశాలకూ, వాటికి అనుబంధమైన వాటికీ పరిమితం కావాలని 10వ సెక్షన్‌లో రాసింది. ఇలాంటి కంచెలు యజమానికీ పనికివస్తాయి, నిజమే. కాని యజమానికి కంచె లేకపోయినా గోడ వున్నది. కార్మికుడికి వున్నది కంచె ఒక్కటే.

కోర్టులు నోరు మూసుకు కూర్చోవాలని నేననటం లేదు. ఎవరూ లేవనెత్తని అన్యాయాన్ని లేవనెత్తే జడ్జికి నమస్కరిస్తాను. కాని లేవనెత్తిన ప్రశ్నను తీర్పులో కాదు, ముందుగా విచారణలోనే కాగితం మీద పెట్టాలి. అది ఎవరికి తగులుతుందో వారికి కబురు చెయ్యాలి. వకీలు లేనివారికి ప్రభుత్వ ఖర్చుతో వకీలును ఇవ్వాలి. జవాబు చెప్పటానికి గడువు ఇవ్వాలి. ఆ పని చెయ్యటానికి వీలులేనప్పుడు ఆ ప్రశ్నను ముట్టకుండా వదలాలి. విద్యార్థి సంఘాలూ ఉపాధ్యాయ సంఘాలూ తీర్పు మనకు అనుకూలమైనప్పుడు కూడా ఇదే అడగాలి. ప్రతికూలమైనప్పుడే అడిగితే మన మాట ఎవరూ నమ్మరు.

ఆ కార్మికుడు తననే నెగ్గించమని కోరలేదు. అడగమన్నాడు. అంతకన్న తక్కువ కోరటం ఎవరివల్లా కాదు.